ఇంటి దీపము, ఇంటి పొయ్యి: సాధనముల దక్షతయు ఇంధన దారిద్ర్యమును

ఏ యింటివారును కిరసనాయిలు కొరకే కిరసనాయిలు కొనరు. విద్యుచ్ఛక్తి కొరకే విద్యుచ్ఛక్తి కొనరు. వారికి కావలసినది రాత్రివేళ పిల్లలు చదువుకొనుటకు వెలుగు, అన్నము ఉడుకుటకు వేడి, వేసవిలో నిద్రపట్టుటకు గాలి. ఇంధనము ఇంటికి వచ్చు సరకు. వెలుగు, వేడి, గాలి దానినుండి దక్కు ఫలము. ఈ రెంటి నడుమ ఒక సాధనము ఉన్నది. అది దీపము కావచ్చును, పొయ్యి కావచ్చును, పంకా కావచ్చును. సాధనము మంచిదైనచో కొద్ది సరకునుండి ఎక్కువ ఫలము దక్కును. అది నాసిరకమైనచో ఎంత సరకు పోసినను ఫలము కొద్దిగానే యుండును.

బీదయిండ్లలో తరచుగా కనిపించునది ఈ రెండవ స్థితియే. వారు కొనగలిగిన ఇంధనము తక్కువ. దానిని వాడు సాధనము నాసిరకము. అందుచేత ఒకే పరిమాణము గల వెలుగునకు బీదవారు కలిగినవారికంటె ఎక్కువ వెల చెల్లించుట సంభవించుచున్నది. ఈ విచిత్రమునకు కారణమేమి? దానిని తొలగించు మార్గమేమి? ఇంటిలోని మూడు సాధనములను వరుసగా పరిశీలించినచో ఈ ప్రశ్నలకు సమాధానము దొరకును.

ఇంధన దారిద్ర్యమనగా నేమి?

ఈ మాట మొదట వ్యాప్తిలోనికి వచ్చినది బ్రిటన్ దేశమున. 1970 దశకములో చమురు ధరలు పెరిగినప్పుడు అచ్చటి బీద కుటుంబములు, ముఖ్యముగా వృద్ధులు, చలికాలమున ఇల్లు వెచ్చచేసికొనలేక బాధపడిరి. 1991లో బ్రెండా బోర్డ్‌మన్ అను పరిశోధకురాలు ఈ విషయముపై ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటికి తగినంత వెచ్చదనము మొదలగు అవసరములు సమకూర్చుకొనుటకు ఆదాయములో పదవవంతు కంటె ఎక్కువ ఖర్చు చేయవలసివచ్చు కుటుంబము ఇంధన దారిద్ర్యములో ఉన్నదని ఆమె నిర్వచించెను.

ఆ గ్రంథములోని ముఖ్యవిషయము వేరొకటి కలదు. ఆదాయము తక్కువగుట, ఇంధనము ప్రియమగుట అను రెండు కారణములతోపాటు మూడవ కారణమొకటి ఉన్నది. అది ఆ కుటుంబము నివసించు ఇల్లే. పలుచని గోడలనుండి, సందులున్న కిటికీలనుండి, కప్పునుండి వేడి బయటికి పోవుచుండును. అట్టి యింటివారికి ప్రతి శీతకాలమున కొంత ధనసహాయము చేయుట చిల్లుకుండలో నీరు పోయుట వంటిది. కుండకు మాటువేసినచో సహాయము నిలుచును. గోడలకు, కప్పునకు వేడిని ఆపు పొరలు అమర్చుటయే అచ్చట ఆ మాటు.

మన దేశములో సమస్య యొక్క రూపము వేరు. ఇచ్చట అధికభాగమున ఇల్లు వెచ్చచేసికొనవలసిన అవసరము లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములోని కుటుంబములలో నూటికి 31 కిరసనాయిలు దీపము మీదనే ఆధారపడియుండెను. నూటికి 49 కుటుంబములు ముఖ్యముగా కట్టెలతో వంట చేసికొనుచుండెను. పిమ్మట పదేండ్లలో స్థితి చాల మారినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి నూటికి సుమారు 97 ఇండ్లకు విద్యుత్తు వచ్చినది. నూటికి సుమారు 59 ఇండ్లలో గ్యాసు వంటి పొగలేని ఇంధనము వాడుకలోనికి వచ్చినది. ఐనను తీగ వచ్చినంత మాత్రమున, సిలిండరు వచ్చినంత మాత్రమున దారిద్ర్యము తీరిపోలేదు. తీగకు తగిలించిన సాధనమేది, సిలిండరు ఎన్ని దినములు వచ్చును అనునవి మిగిలియున్న ప్రశ్నలు.

దక్షత

ఒక సాధనమునకు ఇచ్చిన శక్తిలో ఎన్నవ వంతు మనకు కావలసిన రూపమున తిరిగివచ్చునో దానిని ఆ సాధనము యొక్క దక్షత అందురు. శక్తి నశింపదు అను సూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. కావున తిరిగిరాని భాగము నశించుటలేదు. అక్కరలేని రూపమున, అక్కరలేని చోటికి పోవుచున్నది. దీపమునందు అది వేడిగా పోవును. పొయ్యినందు చుట్టుప్రక్కల గాలిని, గోడను వేడిచేయుచు పోవును. దక్షతను పెంచుట అనగా ఈ దారులను మూయుట తప్ప వేరు కాదు.

దీపము

కాంతి పరిమాణమును ల్యూమెన్లలో కొలుతురు. చిమ్నీ లేని చిన్న కిరసనాయిలు బుడ్డి సుమారు 10 ల్యూమెన్ల కాంతి నిచ్చును. అది గంటకు 15 మిల్లీలీటర్ల నూనె త్రాగుననుకొందము. లీటరు కిరసనాయిలులో దాదాపు 10 యూనిట్ల విద్యుత్తునకు సమానమైన శక్తి ఉన్నది. ఈ లెక్కన ఆ చిన్న బుడ్డి దాదాపు 150 వాట్ల సాధనము! రెండు పెద్ద పంకాలకు చాలునంత శక్తిని మ్రింగుచు, పుస్తకములోని ఒక పుటను మాత్రము మసకగా వెలిగించుచున్నది. మిగిలినదంతయు వేడిగాను, మసిగాను పోవుచున్నది.

తీగచుట్టబల్బు దీనికంటె ఎంతో మేలైనది. 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్ల కాంతి నిచ్చును. కాని దానిలోను టంగ్‌స్టన్ తీగను తెల్లగా కాలునంత వేడిచేసి, ఆ వేడినుండి కాంతి పుట్టించుచున్నారు. అందుచేత ఇచ్చిన శక్తిలో నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే కంటికి కనిపించు వెలుగగును. తక్కినది కంటికి కానరాని ఉష్ణకిరణములుగా పోవును. వెలుగుచున్న అట్టి బల్బును చేతితో ముట్టుకొనలేకపోవుటకు కారణమిదే.

ఎల్.ఇ.డి. దీపములో దేనిని మండింపవలసిన పనిలేదు, ఎర్రగా కాల్చవలసిన పనిలేదు. రెండు రకముల అర్ధవాహకముల సంధిలోనికి విద్యుత్ప్రవాహమును పంపినప్పుడు, ఒకవైపు నుండి వచ్చిన ఎలెక్ట్రాన్లు రెండవవైపున ఖాళీగానున్న స్థానములలో పడును. పడునపుడు అవి కోల్పోవు శక్తి తిన్నగా కాంతిగా వెలువడును. ఎరుపురంగు ఎల్.ఇ.డి. 1962లోనే తయారైనది. తెల్లని వెలుగునకు నీలికాంతి అవసరము. దానిని ప్రకాశవంతముగా పుట్టించుటకు మరి ముప్పదియేండ్లు పట్టినది. గాలియం నైట్రైడు అను పదార్థముతో దీనిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నీలికాంతిలో కొంత భాగమును పసుపుకాంతిగా మార్చు పూత పూసినచో, రెండును కలిసి కంటికి తెలుపుగా తోచును.

నేటి 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము సుమారు 900 ల్యూమెన్లిచ్చును. అనగా వాటునకు 100 ల్యూమెన్లు. ఇప్పుడు పోల్చి చూడవచ్చును. లీటరు కిరసనాయిలు ఆ బుడ్డిలో దాదాపు 66 గంటలు వెలుగును. ఆ 66 గంటలలో వచ్చిన మొత్తము వెలుగును ఎల్.ఇ.డి. దీపమునుండి పొందుటకు ఒక యూనిట్టు విద్యుత్తులో 150వ వంతు చాలును. అనగా మూడు నాలుగు పైసలు మాత్రమే ఇచ్చినను దొరకు వెలుగునకు, బుడ్డి గల కుటుంబము లీటరు నూనె వెల చెల్లించుచున్నది. బీదవారు వెలుగునకు ఎక్కువ వెల ఇచ్చుచున్నారు అను మాటకు అర్థమిదే. అదిగాక నూనె మసి పిల్లల ఊపిరిలోనికి పోవును. బుడ్డి ఒరిగినచో గుడిసె కాలును.

ఈ దక్షతవలన మరియొక మేలు కలిగినది. ఒకటి రెండు వాట్ల ఎల్.ఇ.డి. దీపము చదువుకొనుటకు చాలినంత వెలుగునిచ్చును. దానికి అరచేతికి కొంచెము మించిన సౌరఫలకము, చిన్న బ్యాటరీ చాలును. తీగ చేరని గూడెములకు సౌరదీపము చేరగలిగినదన్నచో అందుకు ఫలకము చవుకయగుట ఎంత కారణమో, దీపము కొద్దిపాటి శక్తితో తృప్తిపడుట అంతే కారణము.

పొయ్యి

మూడు రాళ్ల పొయ్యిలో మండిన కట్టె యొక్క వేడిలో నూటికి 10 నుండి 15 పాళ్లు మాత్రమే పాత్రలోనికి చేరును. మంట అన్నివైపుల తెరచియుండుటచేత గాలి దానిని ప్రక్కకు కొట్టివేయును. వేడిగాలి పాత్రను తాకకుండ పైకి పోవును. రాళ్లు, నేల కొంత వేడిని త్రాగును. మంటకు గాలి సరిగా అందని చోట కట్టె పూర్తిగా మండక పొగగా మారును. పొగ యనగా మండని ఇంధనమే. కావున పొగ ఒకేమారు రెండు నష్టములు కలిగించును: ఇంధనము వృథా, ఊపిరితిత్తులకు హాని. ఇండ్లలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము పొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. పొయ్యిదగ్గర ఎక్కువసేపు గడపు స్త్రీలకు, వారి చెంతనుండు పసిపిల్లలకు ఈ హాని అధికము.

పొయ్యిని బాగుచేయు ప్రయత్నము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు అధిపతిగానుండిన ఎస్.పి. రాజు పొగగొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, కోట్లాది యిండ్లకు పొగలేని వంటిల్లు కలిగింపవలెనను ఆశయముతో 1953లో ఒక పుస్తకము ప్రకటించెను. దానిలో మంట మూసిన సొరంగములో మండును. పాత్రలు సొరంగముపైనున్న రంధ్రములలో కూర్చుండును. పొగ గొట్టముద్వారా కప్పుపైకి పోవును. 1983లో కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టి, దాదాపు ఇరువదియేండ్లలో మూడుకోట్లకు పైగా పొయ్యిలు వేయించినది.

ఈ పొయ్యిలనుండి రెండు పాఠములు నేర్వవలసియున్నది. మొదటిది భౌతికశాస్త్ర సంబంధమైనది. పొగగొట్టము పొగను లాగునపుడు దానితోపాటు వేడినికూడ లాగును. గొట్టము కొలతలు సరిగా లేనిచో వంటిల్లు శుభ్రపడును గాని కట్టె ఆదా కాదు. పొగను తొలగించుట, ఇంధనమును ఆదాచేయుట అనునవి వేర్వేరు లక్ష్యములు. రెంటికిని లెక్క వేసి పొయ్యి కట్టవలెను. రెండవ పాఠము వాడుకకు సంబంధించినది. ఒడిశాలో ఇట్టి పొయ్యిలు పొందిన కుటుంబములను కొన్ని సంవత్సరములపాటు పరిశీలించి 2016లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మొదటి సంవత్సరమున పొగ పీల్చుట తగ్గినను తరువాత ఆ మేలు నిలువలేదని తేలినది. గొట్టములు మసిపట్టి పూడిపోయినవి, మట్టి పగిలినది, బాగుచేయువారు లేకపోయిరి. ప్రయోగశాలలో కొలిచిన దక్షత వేరు, వంటింటిలో నిలిచిన దక్షత వేరు.

గ్యాసు పొయ్యి ఈ చిక్కును చాలవరకు తప్పించినది. భారత ప్రమాణముల ప్రకారము దాని దక్షత నూటికి 68కి తగ్గరాదు. వాడుకలో 65 అనుకొన్నచో, 14.2 కిలోగ్రాముల సిలిండరునుండి సుమారు లక్ష కిలోకెలోరీల వేడి పాత్రలోనికి చేరును. ఎండిన కట్టె కిలోగ్రామునకు సుమారు 4,000 కిలోకెలోరీలిచ్చును. మూడు రాళ్ల పొయ్యిలో అందు పదవవంతే దక్కును గనుక, ఒక సిలిండరు చేయు పనికి 250 కిలోగ్రాముల కట్టె కావలెను. ఆ కట్టెను ఏరి, నరకి, మోసుకొని వచ్చు శ్రమ సాధారణముగా స్త్రీలది, బాలికలది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో ప్రారంభమైన దీపం పథకము, దేశమంతట 2016లో ప్రారంభమైన ఉజ్జ్వల యోజన బీద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇప్పించినవి. ఉజ్జ్వల క్రింద ఇచ్చిన కనెక్షన్లు 10 కోట్లు దాటినవి. కాని సిలిండరు అయిపోయిన పిమ్మట మరల నింపించుకొనుటకు ఒకేసారి పెద్దమొత్తము కావలెను. కూలిడబ్బు ఏనాటిదానాడు వచ్చును. సిలిండరు వెల ఒక్కనాడే ఇయ్యవలెను. అందుచేత అనేక గృహములలో గ్యాసుపొయ్యి ప్రక్కనే కట్టెలపొయ్యియు మండుచున్నది.

ఇట్టి యింటిలో సిలిండరును నాలుగు దినములు ఎక్కువ వచ్చునట్లు చేయు ప్రతి ఉపాయమును విలువైనదే. నీరు మరిగిన పిదప మంట పెంచినను అన్నము త్వరగా ఉడుకదు. ఏలయనగా తెరచిన పాత్రలో నీటి ఉష్ణోగ్రత 100 సెంటీగ్రేడు డిగ్రీలను దాటదు. అదనపు వేడి నీటిని ఆవిరి చేయుటకే పోవును. ఈ నష్టము ఎంతటిదో చూడుడు. 30 డిగ్రీల నీటిని ఒక లీటరు మరిగించుటకు 70 కిలోకెలోరీలు చాలును. పావులీటరు నీటిని ఆవిరిగా పోగొట్టుటకు 135 కిలోకెలోరీలు కావలెను. అనగా మూతలేని పాత్రనుండి పావులీటరు ఆవిరి పోయినచో, దాదాపు రెండు లీటర్ల నీటిని మరిగించు గ్యాసు గాలిలో కలిసినట్లే. మూత పెట్టుట, మరిగిన వెంటనే మంట తగ్గించుట, పప్పులను ముందుగా నానబెట్టుట ఖర్చులేని ఉపాయములు. ప్రెషరుకుక్కరులో పీడనము పెరుగుటచేత నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగును. పదార్థము త్వరగా ఉడుకును. ఆవిరి నష్టమును తగ్గును.

పంకా, కప్పు

మన ప్రాంతములలో బీదయింటి విద్యుత్ బిల్లులో పెద్దభాగము పంకాది. పాతరకపు పంకా సుమారు 75 వాట్లు తీసికొనును. అందు కొంత శక్తి మోటారులోని తీగచుట్టలలో వేడిగా పోవును. బ్రష్షులు లేని డి.సి. మోటారు పంకా అంతే గాలిని సుమారు 30 వాట్లతో ఇచ్చును; దానిలో శాశ్వత అయస్కాంతములు తిరుగును, ఏ చుట్టకు ఎప్పుడు ప్రవాహము పంపవలెనో చిన్న ఎలెక్ట్రానిక్ పలక నిర్ణయించును. దినమునకు 15 గంటలు తిరుగు పంకాకు నెలకు 34 యూనిట్లకు బదులు 14 యూనిట్లు చాలును.

పంకా గాలిని చల్లబరచదు. చెమటను త్వరగా ఆవిరిచేయించి శరీరమును చల్లబరచును. ఇంటి గాలియే చర్మముకంటె వేడెక్కినచో ఎంత మంచి పంకాయైనను మేలు తగ్గిపోవును. అప్పుడు చూడవలసినది పైకప్పు. మధ్యాహ్నపుటెండ చదరపుమీటరునకు సుమారు 1,000 వాట్ల శక్తిని తెచ్చును. ఇరువది చదరపుమీటర్ల రేకుల కప్పుమీద పడు శక్తి 20,000 వాట్లు! మాసిన రేకు, నల్లబడిన శ్లాబు దానిలో అధికభాగమును పీల్చి క్రిందికి వికిరణము చేయును. క్రొత్తగా వేసిన తెల్లని పూత అధికభాగమును తిరిగి ఆకాశమునకే పంపివేయును. బ్రిటన్‌లో గోడలోని పొర వేడిని బయటికి పోనీయకుండ చేయు పనిని ఇచ్చట తెల్లని కప్పు తారుమారుగా చేయును: వేడిని లోనికి రానీయదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు ఆధారము ఈ సూత్రమే. వాన, ధూళి పూతను మాపును గనుక దానిని మరల మరల వేయవలసియుండును.

ఒక కుటుంబపు లెక్క

రెండు గదుల యిల్లు ఒకటి ఉదాహరణకు తీసికొందము. 60 వాట్ల పాతబల్బులు రెండు, దినమునకు 5 గంటలు. 75 వాట్ల పంకాలు రెండు, 12 గంటలు. టీవీ, మిక్సీ, సెల్‌ఫోను మొదలగువానికి నెలకు 12 యూనిట్లు. బల్బులకు నెలకు 18, పంకాలకు 54, తక్కినవానికి 12. మొత్తము 84 యూనిట్లు. బల్బులకు బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు, పంకాలకు బదులు 30 వాట్ల పంకాలు అమర్చినచో బల్బులకు 2.7, పంకాలకు 21.6, తక్కినవానికి అదే 12. మొత్తము సుమారు 36 యూనిట్లు. వెలుగు తగ్గలేదు, గాలి తగ్గలేదు. సరకు సగముకంటె తక్కువైనది.

విద్యుత్ ధరలు అంచెలుగా ఉండుటచేత ఈ తగ్గుదల విలువ మరింత పెరుగును. మొదటి అంచెలోని యూనిట్లు చవుక, పై అంచెలోనివి ప్రియము. ఆదాచేసిన యూనిట్లు ఎల్లప్పుడును పై అంచెనుండియే తగ్గును. తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద, నెలకు 200 యూనిట్లలోపు వాడు అర్హతగల కుటుంబములకు విద్యుత్తు ఉచితము. ఇట్టి చోట ఆదా అక్కరలేదని తోచవచ్చును. కాని వేసవిలో గీతకు చేరువగానున్న కుటుంబమును గీతలోపల నిలుపునది సాధనముల దక్షతయే. ఉచితముగా ఇచ్చిన యూనిట్టు వెలను ప్రజాధనమునుండి చెల్లింపవలసియే యున్నది గనుక, ఆదాయైన ప్రతి యూనిట్టును ప్రభుత్వమునకును లాభమే.

మంచి సాధనమును ఎందుకు కొనలేరు?

ఇంత లాభమున్నపుడు అందరును వెంటనే మంచి సాధనములు కొనరేల? కారణము అజ్ఞానము మాత్రమే కాదు. మేలైన పంకాకు సాధారణ పంకాకంటె వెయ్యి, పన్నెండువందల రూపాయలు ఎక్కువ ఇయ్యవలెననుకొందము. నెలకు 20 యూనిట్ల చొప్పున సంవత్సరములో ఎనిమిది నెలలు ఆదాయైనచో 160 యూనిట్లు. యూనిట్టు నాలుగు రూపాయలైన 640 రూపాయలు. రెండేండ్లలో పెట్టుబడి తిరిగివచ్చును. నెలజీతము గలవానికి ఇది మంచి బేరము. దినకూలికి ఆ మొత్తము నేడే చేతిలో లేదు. చవుకసాధనము కొని ప్రతినెల ఎక్కువ చెల్లించుట అతని తెలివితక్కువ కాదు. అతనికి తెరచియున్న దారి అదియొక్కటే.

అద్దెయిండ్లలో మరియొక చిక్కు కలదు. కప్పు, పంకా ఇంటియజమానివి, బిల్లు అద్దెకున్నవానిది. కప్పునకు తెల్లపూత వేయించినచో ఖర్చు ఒకరిది, లాభము వేరొకరిది. అందుచేత ఆ పని జరుగదు.

ఈ అడ్డంకిని ఎట్లు దాటవచ్చునో ఎల్.ఇ.డి. దీపముల కథ చూపుచున్నది. 2014లో పుదుచ్చేరిలోను, ఆంధ్రప్రదేశములోను ఆరంభమై, 2015 జనవరిలో ఉజాల అను పేరుతో దేశమంతట వ్యాపించిన పథకములో ప్రభుత్వరంగ సంస్థయొకటి కోట్లకొలది దీపములకు ఒకేసారి టెండరు పిలిచెను. 2014 తొలిదినములలో 310 రూపాయలుగానున్న టోకు వెల రెండుమూడేండ్లలో 40 రూపాయలకు దిగినది. పూర్తివెల ఒకేసారి ఇయ్యలేనివారు మొదట 10 రూపాయలిచ్చి, తక్కినది నెలనెల విద్యుత్ బిల్లుతోపాటు చెల్లించు ఏర్పాటు చేసిరి. బిల్లులో ఆదాయైన సొమ్ముతోనే దీపము వెల తీరినది. ఈ పథకము క్రింద పంచిన దీపములు 36 కోట్లు దాటినవి. దీనికి తోడుగా 2001 నాటి ఇంధన పొదుపు చట్టము క్రింద ఏర్పడిన నక్షత్రపు గుర్తులు, కొనువానికి కంటికి కానరాని దక్షతను కనిపించునట్లు చేయుచున్నవి. 2023 నుండి సీలింగు పంకాలకుకూడ ఈ గుర్తు తప్పనిసరియైనది.

దక్షత పెరిగిన వాడుక తగ్గునా?

1865లో ఇంగ్లండు దేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడు జెవన్సు ఒక వింతవిషయము చెప్పెను. ఆవిరియంత్రముల దక్షత పెరిగినకొలది బొగ్గు వాడుక తగ్గలేదు, పెరిగినది. ఏలయనగా యంత్రము చవుకగా నడచుటచేత దానిని మరిన్ని పనులకు పెట్టిరి. ఇండ్లలోను ఇట్లే జరుగవచ్చును. ఎల్.ఇ.డి. దీపము వచ్చిన యింటిలో వంటగదికి, వాకిలికికూడ దీపము పెట్టుదురు. ఆదాయగునని వేసిన లెక్కలో కొంత తగ్గును.

దీనిని చూచి దక్షత వ్యర్థమని అనుటకు వీలులేదు. ఒక దీపముతో మూడు గదులు గడుపుచున్న కుటుంబము రెండవ దీపము వెలిగించినచో అది దుబారా కాదు; తీరవలసిన కొరత తీరినది. వెచ్చని యిల్లు కొరకు బ్రిటన్‌లో గోడలు బాగుచేసిన పిమ్మట బీద వృద్ధులు ఆదాను కొంత డబ్బుగాను, కొంత వెచ్చదనముగాను తీసికొందురు. ఇచ్చట దానిని వెలుగుగాను, నిద్రగాను తీసికొందురు. కావున బీదయింటిలో దక్షత ఫలమును యూనిట్ల తగ్గుదలతో మాత్రమే కొలువరాదు. ఎన్ని గంటలు చదివిరి, ఎంత పొగ తగ్గినది, సిలిండరు నెలాఖరుదాక వచ్చినదా అనువానితోకూడ కొలువవలెను.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ విషయమును మూడు సులభ పరీక్షలతో విద్యార్థులకు చూపవచ్చును.

మొదటిది: ఒకే కొలతగల రెండు పాత్రలలో సమానముగా నీరుపోసి, ఒకే పొయ్యిమీద ఒకే మంటతో, ఒకదానిని మూతతోను, రెండవదానిని మూతలేకుండను మరిగించి, పట్టిన కాలమును గుర్తింపవలెను. మరిగిన పిదప పది నిమిషములుంచి మిగిలిన నీటిని కొలిచినచో ఆవిరి నష్టము తెలియును. ఈ పరీక్షను ఉపాధ్యాయుని ఎదుటనే చేయవలెను.

రెండవది: నేటి విద్యుత్ మీటర్లలో ఒక చిన్న ఎర్రదీపము మినుకుచుండును. ఎన్ని మినుకులు ఒక యూనిట్టో మీటరుపైననే వ్రాసియుండును. అది 3,200 అనుకొందము. ఇంటిలోని తక్కిన సాధనములన్నియు ఆపి, ఒక్క పంకాను పది నిమిషములు తిప్పి మినుకులు లెక్కింపవలెను. 40 మినుకులు వచ్చినచో అది 75 వాట్ల పంకా. 16 వచ్చినచో 30 వాట్లది. ఏ సాధనము ఎంత తినుచున్నదో విద్యార్థి స్వయముగా కనుగొనును.

మూడవది: ఒకే రకపు రేకుడబ్బాలు రెండు తెచ్చి, ఒకదానికి సున్నము, మరొకదానికి నల్లరంగు పూసి, లోపల ఉష్ణమాపకములుంచి ఎండలో పెట్టవలెను. గంటకొకసారి ఉష్ణోగ్రతలు వ్రాసి రేఖాపటము గీసినచో కప్పు రంగు ప్రభావము తేటపడును.

విద్యార్థులు తమ యిండ్ల లెక్కలను వ్రాసి తెచ్చినపుడు, ఒకే ఊరిలో ఒకే వెలుగునకు ఎవరు ఎంత చెల్లించుచున్నారో తరగతిలోనే బయటపడును. ఇంటికి తీగ చేరుట, సిలిండరు చేరుట అవసరమే. వానికొరకు జరిగిన కృషి చిన్నది కాదు. కాని అవి సరకును ఇంటి గడపదాక తెచ్చినవి. గడప దాటిన పిమ్మట ఆ సరకు వెలుగగునా, వేడియగునా, లేక మసియు ఆవిరియునై పోవునా అనునది సాధనము మీద ఆధారపడియున్నది. మంచి సాధనము బీదయింటికి అందునట్లు వెలను, వాయిదాలను, ప్రమాణములను సమకూర్చుట సమాజము చేయవలసిన పని; వచ్చిన సాధనమును తెలిసి వాడుకొనుట ఇంటివారి పని. ఈ రెండును కలిసిననాడు ఇంధన దారిద్ర్యము నిజముగా తగ్గును.